నవ్వులో సగం

వీధిలో అందరూ ఆవిడని ఊలమ్మ అంటారు. చేతిలో అల్లికసూదులు లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు. ఒక్కగానొక్క కూతురు పోయాక మాటలు తగ్గాయి గానీ సూదులు ఆగలేదు. మనవరాలికి వండిపెట్టడం, బడికి దింపడం, చలికాలం వచ్చేలోగా ఓ స్వెట్టరు అల్లడం. బతుకంతా అంతే.

అల్లుడు డాక్టరు. ఇంజెక్షనిచ్చి పెళ్ళాన్ని చంపేశాడని కేసు. మొదట్లో ఊలమ్మ నమ్మలేదు. చీమకి కూడా దారిచ్చి నడిచే మనిషి. ఆ తర్వాత టీవీలో ఆ నవ్వు మొదలైంది. పెళ్ళాం శవం దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. పొద్దున అదే, సాయంత్రం అదే, కొట్టుకెళ్తే అక్కడా అదే. చూసి చూసి ఆవిడ కడుపు మండిపోయింది. బోనెక్కి, "కట్టుకున్నది పోతే నవ్వినవాడు ఎంతకైనా తెగిస్తాడు బాబూ" అని చెప్పింది. యావజ్జీవం పడింది.

ఇన్నేళ్ళకి పైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. కూతురు గుండెజబ్బుతోనే పోయిందట. టీవీల గోల సాక్షుల మాటల్లోకీ, తీర్పులోకీ దూరిందట.

పక్కింటావిడ రొప్పుతూ వచ్చింది. "వదినా, మీ అల్లుణ్ణి వదిలేశారు. పిల్లని పట్టుకుపోతాడేమో, గడియ పెట్టుకో."

గడియ పెట్టి టీవీ ముందు కూలబడింది. ఆ వేళ ఆ నవ్వుని ముందూ వెనకా, పక్కలూ కోయకుండా చూపించారు. ఒకావిడ చంకలో ఉన్న చిన్నపిల్ల కాళ్ళు చాపి, బూట్లు తారుమారుగా వేసుకున్నానని తండ్రికి చూపిస్తోంది. అతను నవ్వాడు. పిల్లని ఎత్తుకున్నావిడా నవ్వింది. ఆవిడది బూడిదరంగు స్వెట్టరు, ఊలు చాలక చేతి అంచు మాత్రం ఎర్రది.

సూదులు ఒళ్ళోంచి జారిపోయాయి.

"అమ్మమ్మా, అది నువ్వే," అంది మనవరాలు. "నువ్వూ నవ్వావేం?"

ఊలమ్మ టీవీకి దగ్గరగా జరిగింది. అక్కడే ఉంది కదా తను. ఆ కళ్ళతోనే చూసింది, ఆ నోటితోనే నవ్వింది. అదంతా ఏ గంగలో కలిసింది?

తలుపు చప్పుడైంది. "అత్తయ్యా, నేను. పిల్లని ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను."

గడియ మీద చెయ్యి వేసి, లోపల్నుంచే అంది, "ఆ రోజు నేనూ నవ్వాను నాయనా."

"గుర్తుందండీ."

"మరి కోర్టులో చెప్పలేదేం?"

"చెబితే మిమ్మల్నీ టీవీలో వేసేవాళ్ళు అత్తయ్యా. పిల్లకి అప్పటికి మీరొక్కరే మిగిలారు."

ఊలమ్మ గడియ మీంచి చెయ్యి తీసి పక్కకి జరిగింది. మనవరాలే వచ్చి గడియ తీసింది.