గోడకు బొక్క పెట్టిన వదిన

ఇందుమూలంగా గగన్‌పహాడ్ మొదలు శంషాబాద్ బస్టాండ్ దాకా మా కేబుల్ నెట్ వాడుతున్న యావన్మంది కస్టమర్లకు దండోరా వేసి తెలియజేయునది ఏమనగా: రూటర్ మీద తడి టవల్ ఆరేసి నెట్ స్లో అని ఫోన్ చేసుడు నేరం. విమానం నెత్తి మీదికెళ్లి పోయినప్పుడల్లా నెట్ పోతున్నదని పైలట్ మీద చాడీలు చెప్పుడు నేరం. కోతి వైరు పట్టుకొని ఊగితే దాన్ని నా పేరు పెట్టి పిలుసుడు మహాపరాధం. ఇగ నాలుగో ముచ్చట. మొన్న శుక్రవారం పొద్దుగాల మా వదిన పోయింది. గుండె ఆగింది. ఆ రోజు మేము ఎవరి ఫోనూ ఎత్తలే. మాఫ్ చెయ్యుండ్రి.

వదిన అంటే సొంత వదిన కాదు. నేను పనిచేసే కేబుల్ ఓనరు పెండ్లాం. ఆయనను అందరం పెద్దన్న అంటం. నేను పదో తరగతి తప్పి, స్తంభాలెక్కి వైర్లు గుంజేటోన్ని. ఆమెదేమో కృష్ణా జిల్లా. ఆరాంఘర్ కాడ కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంట మా పెద్దన్నను చేసుకున్నది. ఏం చూసి చేసుకున్నదో ఆయనకే తెల్వదు. వచ్చినకాడికెళ్లి మా కంట్రోల్ రూముల లినక్స్ కంప్యూటర్ పెట్టెలన్నీ ఆమె చేతులనే ఉండె. నల్ల తెర, తెల్ల అక్షరాలు, పక్కన సగం తాగి మరిచిపోయిన చాయ్.

ఒకసారి ఆమె కీబోర్డు కింద రబ్బరు బల్లిని పెట్టిన. అరుస్తదని తలుపు ఎనక దాక్కొని చూసిన. అరవలే. బల్లిని తోకపట్టి డ్రాయర్ల వేసి పని చేసుకున్నది. తెల్లారి ఆఫీసుల నా ఫోన్ల ఏది తెరిచినా బల్లి బొమ్మనే. కాళ్లు మొక్కినంక గాని తియ్యలే. "నువ్వు చదువుకోకపోవడమే మంచిదైందిరా కోతీ, చదువుకునుంటే ఈపాటికి జైల్లో ఉండేవాడివి" అన్నది. నాకు ఇప్పటిదాంక ఎవరన్నా ఇచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే.

పెద్దన్నకు ఒక తమ్ముడు, చిన్నన్న. వాళ్ల బాపు పోయినంక కేబుల్ దందా పంచుకున్నరు. బెంగళూరు రోడ్డుకు ఈ దిక్కు ఒకరికి, ఆ దిక్కు ఒకరికి. బాపు కంట్రోల్ రూము మధ్యల ఇటుక గోడ లేపిండ్రు. బోర్డు మీద ఎవరి పేరుండాలె అన్న కాడ మొదలైన పంచాయితీ వైర్లు కోసుకునుడు దాకా వచ్చింది. కొన్నాళ్లకు వైర్లతోని వాళ్ల కడుపు నిండలే. నేను స్తంభం మీద ఉంటే చిన్నన్న మనుషులు కింద నిచ్చెన గుంజిండ్రు. పడ్డ పాటుకు భుజం కాడ బొక్క ఇరిగి చర్మాన్ని లోపలి నుంచి పొడిచింది. దానికి బదులని మావోళ్లు వాళ్ల లైన్‌మెన్‌ను గోడకు అదిమి, కటింగ్ ప్లేయరుతోని రెండు వేళ్లు నలిపిండ్రు. వైరు తెగినట్టు తెగలే. నలిగినయ్. నలిగినంక గూడ గుంజిండ్రు.

ఇద్దరినీ తెచ్చి ఒకటే దవాఖానల, ఎదురెదురు మంచాల మీద పడేసిండ్రు. వదిన క్యారియర్ పట్టుకొని వచ్చింది. ఏమైందిరా అంటే, "బొక్క ఇరిగింది వదినా" అన్న.

"బొక్క విరగడం ఏమిట్రా? ఎముక విరుగుతుంది. బొక్క పడుతుంది" అని నవ్వింది. మా దిక్కు బొక్క అంటే ఎముక అని ఆమెకు అప్పటిదాంక తెల్వదు.

ఆ నవ్వు ఆమె మొఖం మీద ఉండంగనే ఎదురు మంచం కాడికెళ్లి ఆ లైన్‌మెన్ పెండ్లాం వచ్చి క్యారియర్‌ను తన్నింది. గిన్నెలు దొర్లినయ్. "నీ మొగడు నలిపిచ్చిన చేత్తోని నా మొగడు ఎట్ల తింటడు? రా, నువ్వే తినిపియ్యి" అన్నది. వార్డంత చూస్తున్నది. వదిన నేల మీది మెతుకులు ఎత్తి పక్కకు పెట్టి, అడుగు గిన్నెల మిగిలిన అన్నం కలిపి, పోయి ఆయన మంచం మీద కూసున్నది. ముద్ద ముద్దకు ఆయన ఏడుసుకుంట తిన్నడు. ఆయనకు నొప్పో, సిగ్గో, నాకైతే తెల్వదు. ఇగ ఈసారి లేచేది శవమే అని ఆ వార్డుల అందరికీ తెల్సు. అన్నదో, తమ్మునిదో, అంతే తేడా.

నా భుజం అతుకుతనే ఉన్నది, వదిన నాతోని డ్రిల్లు మిషిన్ తెప్పిచ్చింది. గోడకు బొక్క పెట్టి రెండు దిక్కుల నెట్ కలపాలన్నది. అటు చిన్నన్నను ముందే ఒప్పిచ్చింది. అన్నకు తెల్వనియ్యకు వదినా అని ఆయన షరతు.

ఆ పనిని బ్రిడ్జి అంటరు. నాకు అర్థమైనకాడికి చెప్త. ఒక లినక్స్ పెట్టె, దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒక కార్డుకు మా వైరు, ఇంకో కార్డుకు గోడ బొక్కలకెళ్లి వచ్చిన చిన్నన్న వైరు. పెట్టె లోపల బీఆర్ జీరో అనే వంతెనను పుట్టిచ్చి రెండు కార్డులనూ దానికి కట్టెయ్యాలె. అప్పుడు రెండు వైర్లు ఒక్కటే వైరు. మొదటిసారి ఆమె అడ్రస్‌ను, అంటే నెట్‌ల ఆ పెట్టెను పిలిచే పేరును, పాత కార్డుకే ఉంచి కట్టింది. పెట్టె మూగబోయింది. నెత్తి కొట్టుకొని, రెండు కార్డుల మీద అడ్రస్ తుడిచేసి వంతెనకు పెట్టింది. "పేరు వీళ్లిద్దరికీ వద్దురా. వంతెనకే పెడదాం" అన్నది. ఆ బోర్డు పంచాయితీల అంత మంచి తీర్పు ఏ పెద్దమనిషీ చెప్పలే.

ఎంటర్ కొట్టింది. స్విచ్చుల మీది లైట్లన్నీ దయ్యం పట్టినట్టు కొట్టుకున్నయ్. ఏమైందంటే, బాపు బతికున్నప్పుడు రోడ్డు కిందికెళ్లి వేసిన పాత వైరు ఒకటి, ఆ చివరన రెండు దిక్కులనూ ఇంకా కలిపే ఉన్నది. ఎవరికీ యాదికి లేదు. ఇటు మేము వంతెన కట్టేసరికి చుట్టు పూర్తయింది. ఒక ఇంట్లకెళ్లి బయలెల్లిన కేక గోడలకెళ్లి పోయి, రోడ్డు కిందికెళ్లి తిరిగొచ్చి, మళ్ల పోయి, తిరిగిన కొద్ది పెరుగుడే. రెండు దిక్కుల నెట్ ఒక్కసారే సచ్చింది.

తమ్ముడే ఏదో చేసిండని పెద్దన్న ఇనుప రాడ్డు పట్టుకొని మెట్లెక్కిండు. గోడకున్న బొక్క చూసిండు, అండ్లకెళ్లి వచ్చిన వైరు చూసిండు. నా లైన్ దొంగిలిస్తున్నడు అనుకున్నడు. అప్పుడే అటుకెళ్లి చిన్నన్న, వదినా ఏమైంది అనుకుంట తలుపుల తలకాయ పెట్టిండు. పెద్దన్న రాడ్డు రెండు చేతుల లేపి ఆ తలకాయ మీదికి దించిండు. మధ్యల కుర్చీల ఉన్న వదిన కుడి చెయ్యి అడ్డం పెట్టింది. టక్కుమన్నది. మణికట్టు ఎనకకు తిరిగి వేలాడవట్టె.

ఆమె పెద్దన్న దిక్కు చూసి మెల్లగ అన్నది: "రెండు దార్లున్నప్పుడు ఒకటి కాసేపు నోరు మూసుకోవాలండీ. నోరు మూసుకున్నది చచ్చిపోయినట్టు కాదు. వింటూ ఉన్నట్టు."

అని, ఎడమ చేత్తోని ఒక్కొక్క అక్షరమే ఏరి కొట్టింది. ఎస్‌టీపీ అని ఒక ఏర్పాటు ఉంటది. అది ఆన్ చేస్తే వంతెన తన దార్లను తడుముకొని చూసి, చుట్టు తిరిగేదాన్ని ఒక కాడ మూసి పెడ్తది. ఇంకో కాడ తెగినప్పుడే దాన్ని తెరుస్తది. లైట్లు మెల్లగ మామూలైనయ్. పెద్దన్న జేబుల ఫోన్ మోగింది. నెట్ వచ్చిందన్నా, షుక్రియా అని ఎవరో కస్టమర్. తమ్ముని దిక్కుకెళ్లి వచ్చిందని వానికేం తెల్సు.

దవాఖానల డాక్టరుకు ఆమె, జారి పడ్డాను, బొక్క విరిగిందండీ అని చెప్పింది. మా మాటనే వాడింది. ఎముక అనలే. అన్నదమ్ముల నడుమ అప్పటికెళ్లి ప్రేమ పుట్టిందని అనుకునేరు. ఏం పుట్టలే. ఒకరి వైరు కోస్తే ఇంకొకరి దాంట్లకెళ్లి నెట్ నడుస్తనే ఉన్నది, కోసుడు దండగైంది, అంతే. ఆ రోడ్డు మీద మళ్ల ఎవరి వేళ్లూ నలగలే. ఆమె మణికట్టు వంకరగనే అతికింది. పోయేదాంక ఎడమ చేత్తోనే టైపు కొట్టింది.

మొన్న వదిన చితి కట్టెలు కాలుతున్నప్పుడు పెద్దన్న నన్ను పక్కకు పిలిచిండు. పదో దినానికి చిన్నన్న ఫ్లెక్సీ కొట్టిస్తున్నడు, దాని మీద వదిన ఫొటో కింద ఆ రెండు దార్ల మాట వేయిస్తడట. "ఆమె గట్లనే అన్నది కదరా?" అని అడిగిండు. గట్లనే అన్నదన్నా అన్న.

ఆమె అనలే. ఆ మాట నేను పుట్టిచ్చింది. సంగతేందని చాయ్ హోటల్ల అడిగినోళ్లకు, ఎస్‌టీపీ ముచ్చటను ఆమె మాటగ తిప్పి కట్టి చెప్పిన. అది ఊరంత తిరిగి పెద్దన్న చెవుల పడ్డది. ఆయన ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ కాదనలే. దెబ్బ పడ్డప్పుడు ఆమె అన్నది "అమ్మా" అని. అంతే. గోడ అవతల చిన్నన్న మనుషులు గూడ లేచి నిలబడేటట్టు అరిచింది. ఆ అరుపు పెద్దన్న నా కంటే దగ్గరి నుంచి విన్నడు. రాడ్డు ఇంకా ఆయన చేతులనే ఉండె.