చిన్న డబ్బా వంతు

‘పెద్దక్క కంచంల మొదటి బువ్వ పెట్టు, నడిపక్క కంచంల నెయ్యి బొట్టు పెట్టు...’ చిన్నప్పుడు బొమ్మల పెండ్లి ఆడుకుంట పాడేటోళ్లం. చిన్నక్కకు ఏం పెట్టాల్నో, ఆ చరణం ఒక్కటి ఎంత గుంజినా యాదికొస్తలేదు. ఆ మరిచిపోయిన చరణమే నిన్న మా నెట్ షాపును ముంచబోయింది, వినండి!

మాది నాచారం. కొడుకు ఫ్యాక్టరీకి పోతడు. కోడలు సునీత ముందర్రూముల ఇంటర్నెట్ షాపు నడుపుతది. ఆమె టిఫిన్ డబ్బాలు కట్టే లోపల షాపు తెరిచి మిషన్లకు స్విచ్చులేసే డ్యూటీ నాది. అరవై దాటినంక అక్షరాలు దిద్దినదాన్ని, కంప్యూటర్ స్విచ్చులు నా చేతికిచ్చిన్రంటె నాకెంత గొప్ప!

కానీ కొత్త మిషన్ పెట్టిన కాన్నుంచి ఒకటే తిప్పలు. మూలకుండే ఆ పెద్దదాన్ని సునీత సర్వర్ అంటది. స్విచ్చెయ్యంగనే తెర మీద పచ్చగ వరుసలొస్తయి. నడుమ ఒక్కటి ఎర్రగ! నేమ్ సర్వర్ లేవలేదట. మనం సైటు పేరు కొడితే అది ఏడున్నదో నంబరు చెప్పేది అదేనట. అది లేవకుంటె ఏ పేరు కొట్టినా పేజీ తెరుచుకోదు. సునీత వచ్చి ఏదో టైపు కొడితే బుద్ధిగ లేస్తది. మధ్యాహ్నం ఆమె మిషన్‌ను బంద్ చేసి మళ్ల వేసినా బంగారం లెక్క లేస్తది. పొద్దుగాల నేను వేస్తెనే మొండికేస్తది! ఆమె ఏవేవో ఫైళ్లు మార్చింది, మళ్ల పాతట్లనే పెట్టింది. నేను నిమ్మకాయ కట్టిన.

నిన్న పొద్దుగాల ఎదురింటి లావణ్య ఉరికొచ్చింది. “అమ్మమ్మా, హాల్ టికెట్ ప్రింట్ కావాలె! రామంతాపూర్‌ల పరీక్ష, ఆటో ఆపి వచ్చిన!”

పెద్ద మిషన్ వేసిన. మళ్ల ఎర్రగీత! ఇది ఖాయంగ దిష్టే అనుకొని, మిగతా పని ఆడనే విడిచి, ఎండు మిరపకాయలు తెచ్చి సర్వర్ చుట్టూ తిప్పి, గుమ్మం కాడ నిప్పుల మీద వేసిన. పొగంత షాపులకే వచ్చింది! లావణ్య దగ్గుడు, ఆటో అన్న దగ్గుడు.

సునీత తుమ్ముకుంట వచ్చి టైపు కొట్టింది. లేవలే! మళ్ల కొట్టింది. లేవలే! రోజూ ఆమె మాట వినేది నిన్న ఆమెదీ వినలే. లావణ్య కండ్లల్ల నీళ్లు. పొగకో, పరీక్ష పోతదనో!

“వస్తున్నవా చెల్లె, నన్ను పొమ్మంటవా?” అని బయట ఆటో అన్న ఒర్రుడు.

సునీత వంగి బల్ల కిందికి చూసింది. “అత్తమ్మా! మోడెం ఎవరు బంద్ చేసిన్రు?”

“ఎవరూ చెయ్యలే బిడ్డా. దాని వంతు ఇంక రాలే.”

“వంతేంది?”

“మొదలు పెద్ద మిషన్. తర్వాత కస్టమర్ల కంప్యూటర్లు. అన్నీ అయినంక, జర ఊడ్చుకొని, ఆఖర్న ఈ చిన్న డబ్బా. పెద్దోళ్లకు పెట్టినంకనే గదా చిన్నోళ్లకు?”

సునీత నెత్తి పట్టుకుంది. చిన్న డబ్బా స్విచ్చేసి, దాని లైట్లు మిణుకుమన్నంక టైపు కొట్టింది. లేచింది! లావణ్య వెచ్చటి కాయితం పట్టుకొని ఆటోలకు దుంకింది.

అప్పుడు కూసొని విడమరిచి చెప్పింది సునీత. పెద్ద మిషన్ బూట్ అవంగనే, అంటె నిద్ర లేవంగనే, ‘నా నంబరేంది?’ అని చిన్న డబ్బానే అడుగుతదట! అది నిద్రల ఉంటె జవాబెవరిస్తరు? నంబరు దొరకక నేమ్ సర్వర్ ముడుచుకొని పండుకుంటది. తర్వాత చిన్నది లేచినా ఇది తనంతట తాను లేవది, పెండ్లిల అలిగిన బావ లెక్క ఎవరన్న పోయి లేపాలె.

ఇన్నాళ్లూ మిషన్‌కు తగిలిన దిష్టి నేనేనన్నమాట! మాట మార్చాలని పోయి చాయ్ పెట్టుకొచ్చిన. మా ఇంటి పద్ధతి ప్రకారం మొదటి గ్లాసు నేను అందుకోబోతుంటె, సునీత మెల్లగ దాన్ని తన దిక్కు గుంజుకుంది.

“అత్తమ్మా, రేపటి సంది మొదటి చాయ్ నాకు. నేను లేస్తెనే గదా ఈ ఇల్లు బూట్ అయ్యేది!”