మా యారాలి వంతుకు పోయిన పిల్లి

మా అత్త కన్నుమూసిన ఏడాదే మా ఆయన, మా బావ అన్నదమ్ములిద్దరూ వేరుపడ్డారు. కోడేరు దగ్గరి మా ఊళ్లో వేరుపడటమంటే మాటలు కాదు. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కూర్చుని, భూమి, ఎడ్లు, బర్రెలు, రోలు, రోకలి, చివరికి రొట్టెల పెనం దాకా అన్నీ వాకిట్లో పెట్టించి, ఇది పెద్దోడి వంతు, ఇది చిన్నోడి వంతు అని పంచారు. ఆ తర్వాత తాడు పట్టి వాకిలి నడుమ గీత గీశారు. ఆ గీత మీద నా రొమ్మెత్తు మట్టిగోడ లేచింది. నేను చిన్నకోడలిని. వంటిల్లు, జొన్నలు పోసే గుమ్మి ఉన్న అర్ర పెద్దకోడలి వైపు పోయాయి. కొట్టం పక్కనున్న రెండర్రలు, ఒక బర్రె మాకు వచ్చాయి.

పిల్లిని ఎవరూ పంచలేదు. పంపకాలు జరుగుతున్నంతసేపూ అది వంటింట్లో పొయ్యి పక్కన పడుకునే ఉంది. చివర్లో ఎవరో దాని మాటెత్తితే, పెద్దమనిషి నవ్వుతూ "పొయ్యి ఎవరిదో పిల్లి వాళ్లదే" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పిల్లి గురించి కొట్లాడే రోజొకటి వస్తుందని అప్పుడు చెప్పి ఉంటే ఇంకా గట్టిగా నవ్వేదాన్నేమో.

ఆ పిల్లి మా అత్తది. తెలుపు మీద ఇటుకరంగు మచ్చలు, తోక చివర నలుపు. దానికోసం అత్త దగ్గర ఒక రాతిగిన్నె ఉండేది. పొద్దున సల్లలో ఇంత జొన్న గటక కలిపి గిన్నెలో పోసి, గరిటెతో అంచు మీద టక్కు టక్కుమని కొట్టేది. పిల్లి ఎక్కడున్నా సరే, మిద్దె మీదున్నా సరే, ఒక్క దూకు దూకేది. "నా కొడుకులన్న ఇంత తొందరగ పలుకరు" అనేది అత్త. ఆమె పోయాక ఆ గిన్నె కూడా పెద్దవంతులోకే పోయింది. గుమ్మి ఉన్న అర్ర తలుపు గాలికి కొట్టుకోకుండా దాన్ని బోర్లించి అడ్డం పెట్టారు.

మా వైపు తోడికోడలిని యారాలు అంటాం. మా యారాలు చెడ్డదంటే నా నాలుక తెగిపడుతుంది. పొద్దు పొడవక ముందే లేచి పది మంది పని చేసే మనిషి. కానీ పిడికిలి గట్టిది. అవి యుద్ధం రోజులు, సర్కారు లెవీకి కొలిచి ఇవ్వగా మిగిలిన జొన్నలే ఏడాదంతా తిండి. ఆ గుమ్మికి ఎలుకలు మరిగాయి. ఆమెకు రోషం లేచి, పిల్లికి తిండి ఆపేసింది. "కడుపు నిండిన పిల్లి ఎలుకల పడ్తదా? ఎండగట్టాలె, అప్పుడు పడ్తది" అని వాదన. ఊళ్లో సగం మంది అదే అనేవాళ్లు. అది మనుషులు పస్తులుండి ఎరిగిన ఊరు, అయినా పస్తున్న పిల్లికి పరిగెత్తే బలం ఎక్కడి నుంచి వస్తుందని ఒక్కరూ అడగలేదు.

మేమిద్దరం అప్పటికే మాట్లాడుకోవడం లేదు. ఏదన్నా అనాలంటే ఆమె వాళ్ల బర్రెతో అనేది, నేను మా బర్రెతో అనేదాన్ని. "ఏందే బర్రె, కొందరికి పిల్లి పక్కటెముకలు కనవడయా?" అని నేను. "ఓ బర్రె, కొందరికి పక్కింటి ముచ్చట్లు లేకుంటే పొద్దు పోదే!" అని గోడవతల నుంచి ఆమె. పాపం బర్రెలు.

ఒక పొద్దున పిల్లి గోడెక్కి నా వాకిట్లోకి దూకింది. దూకడం కాదు, పడింది. మెడకు నులకతాడు ముక్క వేలాడుతోంది. ఎలుకల్ని పట్టకుండా ఎక్కడికో పోతోందని గుమ్మి కాలికి కట్టేసిందట మా యారాలు. మేకను కట్టేస్తారు, కుక్కను కట్టేస్తారు, పిల్లిని కట్టేసినవాళ్లను నేనక్కడే చూశాను. అది గుంజుకుని గుంజుకుని తాడు తెంపుకుంది. తాడు తోలులోకి దిగి చీము పట్టింది. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి, వెంటనే కోపమూ వచ్చింది. నాకు రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

తాడు కోసి తీశాను. "ఓసి నీ మొఖం మండ, కదలకే" అని తిడుతూ పుండు కడిగి, ఆముదంలో పసుపు కలిపి పెట్టాను. మా పాలమూరు నేలలో ఆముదానికేం కరువు! మట్టిచిప్పలో సల్ల, గటక పెడితే కింద పెట్టిన తల ఎత్తకుండా తిన్నది. ఆ రోజు నుంచి పొద్దున, సాయంత్రం వచ్చేది. నేనూ దాచలేదు. గోడ పక్కనే అందరికీ కనిపించేలా పెట్టేదాన్ని.

మా యారాలికి ఒళ్లు మండింది. ఒకరోజు వాళ్ల వాకిట్లో పల్లికాయ ఒలవడానికి నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఇటు వైపు నేను పిల్లికి తిండి పెడుతున్నాను. గోడ మీదుగా చూసింది. ఈసారి బర్రెను పిలవలేదు.

"ఏందే, నా పిల్లికి మందు పెట్టి మరిపిస్తున్నవా?"

"మందు పెట్టిన మాట నిజమే, మెడకు పెట్టిన. తాడు కట్టినోళ్లెవరో నాకు తెల్వదు మరి!"

పల్లికాయ ఒలిచేవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి మా యారాలి మొహం ఎర్రబడింది.

"అంత ప్రేమా పావురముంటే నువ్వే సాదుకో పోవే! నాకేం అక్కెర లేదు దాంతోని!"

"సాదుకుంట!" అన్నాను నేను. అన్నానంటే ఊరికే అనలేదు, ఆ చివరింటికి వినిపించేలా అన్నాను.

ఆ చలికాలం పిల్లికి ఒళ్లు వచ్చింది. మెడ మీద వెంట్రుకలు మళ్లీ మొలిచాయి. ఆ తర్వాత కడుపూ వచ్చింది. ఈనడానికి మాత్రం పుట్టినింటికే పోయింది, వాళ్ల గడ్డి అర్రలో రెండు పిల్లల్ని పెట్టింది. బాలింత పిల్లి వేటకు దూరం పోదు కదా. వాళ్ల గుమ్మిలో ఎలుకల అల్లరి మళ్లీ మొదలైంది. విత్తనానికి దాచిన పల్లికాయ సంచికీ బొక్క పడింది. మా యారాలు ఆ బొక్కలో చేయి పెట్టి చూసుకుని, "తినేది ఆడ, పండేది ఈడ" అని తలుపు ధడేల్మని వేసింది.

ఆ సాయంత్రం మా ఆయన చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ చల్లగా చెప్పాడు. "రేపు పొద్దున అన్న బండి కృష్ణ ఒడ్డుకు పోతుంది, బొంగులకు. పిల్లిని, దాని పిల్లల్ని గోనెసంచిల కట్టి పంపుతదంట వదిన. ఏరు దాటించి ఇడుస్తరంట."

ఏరు దాటితే పిల్లికి దారి తెలియదంటారు. దారి మాట దేవుడెరుగు. అటు పక్కన నల్లమల అడవి, పాలు తాగే పిల్లలతో అది ఒక్క పూట బతకదు. చేతిలోని చేట కింద పడేశాను.

"నేను పెద్దమనుషుల్ని పిలుస్త."

"నీకేమన్న పిచ్చి లేసిందా? పిల్లికి పంచాయితా? ఊరు నవ్వుతది."

"నవ్వనీ. నవ్వితే పండ్లు రాలయి."

"ఏమని అడుగుతవ్? అది వాళ్ల వంతు పిల్లి."

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాను. దారిలో ఒక ఇంటి ముందు ఒక ముసలామె మేకకు ఆకు మేపుతోంది. ఆ మేక ఆమెది కాదు. మా ఊళ్లో ఉన్నవాళ్లు లేనివాళ్లకు మేకనో పెయ్యనో సగానికి మేపుకోమని ఇచ్చేవాళ్లు. ఈనితే పిల్లల్లో సగం మేపినవాళ్లకు, సగం ఇచ్చినవాళ్లకు. పిల్లలు పాలు విడిచేదాకా తల్లి మేపినవాళ్ల ఇంట్లోనే ఉండాలి, ఇచ్చినవాళ్లు తోలుకుపోరాదు. దానికి కాయితమూ లేదు, ముద్రా లేదు. నలుగురి ముందు నోటిమాట, అంతే. నేను నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ఆ తర్వాత పరిగెత్తాను.

పెద్దమనిషి నాకు వరసకు మామ. అంతా విని, నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. "సరే పో బిడ్డా, బండి కదలకముందే వస్త" అన్నాడు.

పొద్దున్నే వాళ్ల వాకిట్లో బండి కట్టి ఉంది. గోనెసంచి బండి మీద, లోపల కదులుతోంది. సన్నగా మ్యావుమంటున్నాయి పిల్లలు. నేను పోయి ఎడ్ల ముందు నిలబడ్డాను. మా బావ ముందు నేనెప్పుడూ తలెత్తలేదు, ఆయన కూడా ఇబ్బంది పడి మొహం అటు తిప్పుకున్నాడు. పెద్దమనుషులిద్దరూ వచ్చారు. వాళ్ల వెనక వీధంతా వచ్చింది. అప్పుడే కూలికి పోబోతున్న ఆడవాళ్లు కూడా ఆగిపోయారు.

"చెప్పు బిడ్డా" అన్నాడు పెద్దమనిషి.

"సగానికి మేపిన జంతువు మామా. పిల్లల్ల సగం నాది. పాలు ఇడిసేదాక తల్లిని కదిలించే హక్కు ఎవ్వరికీ లేదు."

ఒక్కసారిగా నవ్వులు. "రేపు కోడికి గూడ పంచాయితి పెడ్తరా?" అని ఎవరో అరిచారు. మా యారాలు మాత్రం నవ్వలేదు. ఆమెకు బుర్ర ఉంది.

"సగానికి మేపమని ఇయ్యాలె గద! నేనెప్పుడిచ్చిన? నా పిల్లికి దొంగతనంగ పెట్టినోళ్లకు వంతెట్లొస్తది?"

"నలుగురి ముందర ఇచ్చినవ్ అక్కా" అన్నాను. ఎన్ని నెలలకో ఆమెను అక్కా అన్నది అప్పుడే. "పల్లికాయ ఒలిచిన నాడు. నువ్వే సాదుకో పో, నాకేం అక్కెర లేదన్నవ్. సాదుకుంట అని నేనన్న."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దమనిషి తలపాగా సర్దుకుని ఆమె వైపు తిరిగాడు. "అన్నవా బిడ్డా?"

అనలేదంటే అయిపోయింది. ఆ మాట విన్న ఆడవాళ్లందరూ ఆమె దగ్గర కూలికి పోయేవాళ్లే, ఒక్కరూ నోరు విప్పరు. అప్పటికే నేల చూపులు చూస్తున్నారు. మా యారాలు వాళ్లను చూసింది, సంచిని చూసింది, నన్ను చూసింది.

"అన్న" అన్నది. "కోపంల అన్న. అన్ననని నేనే చెప్తున్న, ఇంగొకరు చెప్పే పని లేదు."

అబ్బ, ఏం మనిషి! ఆ క్షణంలో ఎడ్ల ముందు నుంచి పోయి ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. గెలవాలి కాబట్టి పెట్టలేదు.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం" అన్నాడు పెద్దమనిషి. "మన ఊళ్ల ఆవునిచ్చినా, మేకనిచ్చినా నోటిమాటే. ఒక్క పిల్లికని ఆ మాట తప్పితే, రేపు పెయ్య కాడ ఎవరు నమ్ముతరు? పిల్లలు చెరొకటి. పాలు ఇడిసేదాక తల్లి చిన్నకోడలి దగ్గర ఉంటది. ఆమీద తోలుకపోతరో ఇడుస్తరో పెద్దకోడలి ఇష్టం."

నేనే బండెక్కి సంచి మూతి విప్పాను. లోపల నుంచి పిల్లి నా ముంజేతి మీద బర్రున గీరింది. రక్తం కారింది. ఏం పట్టింది నాకు! తల్లినీ పిల్లల్నీ కొంగులో వేసుకుని ఆ జనం మధ్య నుంచి మా వాకిట్లోకి నడిచాను. నా పెళ్లిలో కూడా అంత తలెత్తుకుని నడవలేదు. ఆ గీత ఇప్పటికీ చేతి మీద ఉంది, మనవరాళ్లకు చూపించి విసిగిస్తుంటాను.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. మా పిల్లికి ఏడిళ్లు అక్కర్లేకపోయింది. పాలిచ్చి పిల్లల్ని పడుకోబెట్టి, గోడ దూకి పాత అలవాటున గుమ్మి ఉన్న అర్రకు పోయేది. బాగా తిని ఉంది కదా, ఇక చూడాలి దాని పని! ఎలుకల్ని పట్టి సరిగ్గా మా యారాలి గడప మీద పెట్టి వచ్చేది. ఒకరోజు దాని సగమంత ఉన్న పందికొక్కును ఈడ్చుకొచ్చి పెట్టింది. గోడవతల "ఓయమ్మో!" అన్న కేక విని నేను నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. బర్రెతో మాత్రం ఒక్క మాటా అనలేదు. గెలిచినవాళ్లకు అంత మాత్రం మర్యాద ఉండాలి.

పిల్లలు పాలు విడిచాయి. మా యారాలు ఎప్పుడు వస్తుందోనని కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తల్లిని తీసుకుపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం ముందు వాకిలి నుంచే వచ్చింది, గోడ లేచాక మొదటిసారి. పిల్లల్ని రెండింటినీ ఎత్తి చూసి, తోకకు నలుపున్నదాన్ని చంకన పెట్టుకుంది. తల్లి పిల్లి ఆమె కాళ్ల చుట్టూ తిరిగింది. వంగి, దాని మెడ మీద వెంట్రుకలు పక్కకు తీసి, పాత పుండు మచ్చను చాలాసేపు చూసింది.

"తల్లి నీ దగ్గర్నే ఉండనీ" అన్నది. గడప దాటబోతూ ఆగింది. నా మొహం చూడకుండా అడిగింది. "దీనికి ఏం పెడ్తరే?"

"సల్ల, గటక అక్కా. జర పలచగ కలుపు."

మర్నాడు పొద్దున గోడవతల ఏదో బరువైనదాన్ని దొర్లించిన చప్పుడైంది. నీళ్లు పోసి కడిగిన చప్పుడైంది. ఆ తర్వాత రాయి మీద గరిటెతో టక్కు టక్కుమని కొట్టిన చప్పుడు. అత్త పోయాక ఆ చప్పుడు వినడం అదే. నా పొయ్యి పక్కన పడుకున్న తల్లి పిల్లి చెవులు నిక్కించింది. అది లేచేలోపు నేనే గోడ దగ్గరికి పరిగెత్తాను.

"అక్కా, మా ఇంట్లోళ్లకు గూడ ఏమన్న మిగిలిందా?" అన్నాను.

"రమ్మను నీ పిల్లిని. ఇద్దరికి సరిపోను పోసిన" అన్నది మా యారాలు.