నల్లనీళ్ల మీద తెల్లకొంగలు

ఇన్నేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. అది అబద్ధమేనా అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్భైల మొదట్లో పోర్టులో గుమాస్తాగా చేసేవాణ్ణి. మాది గోదావరి వైపు. పక్క బల్ల దగ్గర అప్పన్న ఉండేవాడు, తగరపువలస మనిషి. నాది పర్మనెంటు, అతనిది ఏ నెలకానెల పొడిగించే కొలువు. చుట్టరికం లేకపోయినా నన్ను బావ అనేవాడు. ఫొటోలు తీయడం నేనే నేర్పాను. ఏడాది తిరిగేసరికి అతను తీసిన వాటి ముందు నావి వెలవెలబోయేవి. ఆ సంగతి నేను ఎప్పుడూ పైకి అనలేదు.

అప్పుడే ఒక కొత్త కార్యాలయంలో ఫొటోగ్రాఫరు ఉద్యోగం పడింది. కలర్ స్లయిడ్లు జతచేయమన్నారు. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఆ ఫిలిం ఊళ్లో దొరికేది కాదు. ఓడ దిగిన నావికుడి దగ్గర అప్పన్న ఒకే ఒక్క రోలు సంపాదించాడు. బొంబాయి పంపి కడిగించాలి, గడువులోగా రెండోసారి తీసే వీలు లేదు. ఉప్పుటేట్లో వాలే కొంగల్ని తీస్తానన్నాడు.

ముందురోజు క్యాంటీన్లో అడిగాడు.

"బావ, నీల్లు సూత్తే నల్లగున్నాయి, కొంగలు సూత్తే తెల్లగున్నాయి. మీటరు ఎంత సూపిత్తే అంతే ఎట్టీమంటావా?"

నాకు తెలుసు. కాంతిని కొలిచే ఆ మీటరు నల్లటి నీళ్లను చూసి వెలుతురు చాల్లేదనుకుంటుంది, ఇంకా వెలుగు రానిమ్మంటుంది, అలా తీస్తే కొంగ ఈకలన్నీ కలిసిపోయి ఉత్త సున్నపు మరక మిగులుతుంది. మీటరును ఎండలో చాచిన అరచేతికి పెట్టి, అది చూపినట్టు తీయాలి. ఇంతే. టీ చల్లారేలోపు చెప్పగలిగిన మాట.

"మీటరు కంటే నీకెక్కువ తెలుసా ఏంటి? అదెంతంటే అంతే పెట్టు," అన్నాను.

నవ్వాడు. "నువ్వుండగా నాకు బెంగేటి బావ," అన్నాడు.

ఎందుకలా అన్నాను? ముందుగా అనుకున్నది కాదు. కానీ దిద్దుకోవడానికి సాయంత్రం దాకా సమయం ఉంది, ఇద్దరం ఒకే బస్సెక్కాం, సీతమ్మధారలో దిగేదాకా అతను నా పక్కనే కూర్చున్నాడు, నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఆ రోజు పేజీలో ఎండ బాగా కాసిందని ఉంది. ఇంకేమీ లేదు.

స్లయిడ్లు వచ్చాయి. ఒక్కొక్కటీ వెలుతురుకేసి పట్టుకుని చూశాడు. నీళ్లు బాగా వచ్చాయి. కొంగలున్నచోట ఏమీ లేదు. తన చేతిలోనే ఏదో లోపం ఉందన్నాడు. నేను కాదనలేదు. ఉద్యోగం నాకొచ్చింది. కొన్నాళ్లకు అతని కొలువు పొడిగించలేదు. కెమెరా అమ్మేసి, ఊరెళ్లి అన్న బట్టల కొట్లో కూర్చున్నాడు.

ఆ ఉద్యోగంలోనే నేను రిటైరయ్యాను.

నిరుడు సింహాచలం మెట్ల దగ్గర కనిపించాడు. కూతురు వెంట ఉంది. నన్ను చూపించి, "ఈ మావే నాకు ఫొటోలు నేర్పినోడు," అన్నాడు. ఆ పిల్ల వంగి నా కాళ్లకు దండం పెట్టింది. దీవించాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఎందుకు అనిపించలేదు?

ఇప్పుడు చెప్తే అతనికేం ఒరుగుతుందని సర్దిచెప్పుకుంటాను. అది నా కోసమేనని కూడా తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

అప్పన్న చేతిలో ఏ లోపమూ లేదు. ఈ మాట ఇప్పటికి ఒకరికైనా చెప్పాను.