పుల్లీ మీద బొట్టు

మా మామగారి అంబాసిడర్ కారుకు నేను చేసిన వైద్యం గురించి మండపేటలో ఎవరిని అడిగినా చెబుతారు. చెప్పేవి సగం అబద్ధాలు. కారు పేలిన చప్పుడికి బెదిరి రెండు వీధుల అవతల రైసుమిల్లు ఆపేశారని కూడా అంటారు. మిల్లు ఆగింది కరెంటు పోయి. అసలు జరిగిన ఘోరం ఏమిటో, అందులో తప్పంతా నాదేనని తేల్చిన ఆ ఇంటి న్యాయం ఏపాటిదో మీరే వినండి. విన్నాక మీరూ నన్నే తప్పుపడతారేమో, పట్టండి. నాకేం కొత్త కాదు.

అప్పటికి నేను కొత్తల్లుణ్ణి. కాకినాడలో ఆఫీసు ఉద్యోగం. కంప్యూటరు తప్ప మరో యంత్రాన్ని ముట్టుకుని ఎరగను గానీ, పాత కార్లు విప్పి బిగించే వీడియోలు ఫోనులో తెగ చూసేవాణ్ణి. చూడగా చూడగా ఆ పని నా చేతులకు కూడా వచ్చేసిందని గట్టి నమ్మకం కుదిరింది.

మామగారి షెడ్డులో పాత పెట్రోలు అంబాసిడర్ ఒకటి ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉండేది. దాన్ని తుక్కుకు వేసేసి, ఆ చోట్లో కొత్త ట్రాక్టరు పెట్టుకోవాలని ఆయన తొందర. తాను కాపురానికి వచ్చింది ఆ కారులోనే కాబట్టి, అది గుమ్మం దాటిపోతే తనకు అన్నం సయించదని అత్తగారి బాధ. ఆ బాధ ఆవిడ నాతో చెప్పుకోలేదు. మా అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడరు. గుమ్మం వెనక నిలబడి, నాకు వినపడేటట్టు మా ఆవిడతో అంటారు. నేనూ మా ఆవిడకే జవాబు చెబుతాను.

ఆ రోజు గుమ్మం వెనక గొంతు వణికింది. నాకు ఎక్కడలేని పౌరుషం పుట్టుకొచ్చి, ఇంజను నేను బాగుచేస్తానని అనేశాను. మామగారు నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశారు. తుక్కు కొనేవాడు శుక్రవారం మధ్యాహ్నం వస్తున్నాడట. ఈలోగా స్టార్టయితే కారు ఉంటుంది, కాకపోతే వెళ్లిపోతుంది. అదీ ఒప్పందం.

సెలవు పెట్టాను. ఇంజను దింపి, లేతు పని బయట చేయించి, రింగులూ బేరింగులూ కొత్తవి వేసి మళ్లీ ఎక్కించాను. నవ్వకండి, ఒక్క బోల్టు కూడా మిగల్లేదు. ఇక మిగిలింది టైమింగు. సిలిండరులో పిస్టను పైకొచ్చే సమయానికి సరిగ్గా ప్లగ్గులో నిప్పురవ్వ పడాలి. అటూ ఇటూ అయితే ఇంజను నడవదు సరికదా, తిరగబడుతుంది. ఆ సమయం తెలియడానికి ఇంజను ముందున్న పుల్లీ చక్రం అంచు మీద చిన్న గాటు ఉంటుంది. దాన్ని ఎదురుగా ఉన్న ముల్లు దగ్గరికి తెచ్చి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరును బిగించుకోవాలి.

మడ్డి పట్టి ఆ గాటు కంటికి సరిగా ఆనడం లేదు. వీడియోలో అతను తెల్ల పెయింటు చుక్క పెట్టాడు. మామగారింట్లో పెయింటు లేదు, పూజగదిలో కుంకుమ భరిణె ఉంది. కుంకుమ నూనెలో కలిపి గాటు మీద చుక్క పెట్టాను. ఎర్రగా ఉంది, దూరానికి కూడా కనపడుతోంది. ఇందులో తప్పేముందో చెప్పండి. నా తెలివికి నేనే మురిసిపోయి, మిగతా పని పొద్దున్న చూసుకోవచ్చని లేచాను.

శుక్రవారం షెడ్డుకు వెళ్లేసరికి కారు పెళ్లికూతురిలా ఉంది. ముందు పూలదండ, టైర్ల కింద నిమ్మకాయలు, ఇంజను నిండా పసుపు. పూజ మంచిదే కదా అని ఊరుకున్నాను. దుర్ముహూర్తం వెళ్లేదాకా ఆగి, హ్యాండిలుతో ఇంజను తిప్పి, రేడియేటరు సందులోంచి చూస్తూ బొట్టును ముల్లుకు ఎదురుగా తెచ్చాను. డిస్ట్రిబ్యూటరు బిగించాను. అప్పటికే ఇరుగుపొరుగు కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. తాళం తిప్పాను.

ఇంజను రెండుసార్లు దగ్గి, సైలెన్సరులోంచి ఢామ్మని పేలింది. మామగారి చేతిలో కాఫీ గ్లాసు కింద పడింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. జన్మలో సైకిలు తప్ప తొక్కని ఒకాయన పెట్రోలు కల్తీ అన్నాడు. ఇంకొకాయన బ్యాటరీ అన్నాడు. ప్లగ్గులే ఉండని డీజిలు ఇంజన్లతో జుట్టు నెరిసిన ఒక రైతు లోపలికి తొంగిచూసి, అసలీ ప్లగ్గులెందుకండీ, పీకేయండన్నాడు. ఇంతమంది ఇంజనీర్లు ఒకే వీధిలో ఉంటారని నాకు అంతవరకూ తెలియదు. ఒళ్లు మండిపోయింది. ప్లగ్గులు చూశాను, బాగున్నాయి. పెట్రోలు వస్తోంది. బొట్టు చూశాను, ముల్లుకు ఎదురుగానే ఉంది.

మా ఆవిడ వచ్చి, అమ్మ ఏదో అడుగుతోందండీ అంది. ఇప్పుడు కాదని కసిరాను. డిస్ట్రిబ్యూటరు తీగలు అటువి ఇటు మార్చి, పక్కింటి కుర్రాడి చేత మళ్లీ తాళం తిప్పించి, కార్బురేటరు మీదికి వంగాను. ఈసారి మంట ముందు నుంచి వచ్చింది. నా మీసం ఎడమ సగం దానితోపాటే పోయింది. మా ఆవిడ మళ్లీ వచ్చింది. మళ్లీ కసిరాను.

ఇంతలో తుక్కువాడి వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. మామగారు లేచారు. అప్పుడు జరిగింది ఆ ఇంట్లో ఎన్నడూ జరగనిది. అత్తగారు గుమ్మం దాటి వచ్చి, నేరుగా నాతోనే మాట్లాడారు.

"బాబూ, పొద్దుట్నించీ తమరు ఆ చక్రం మీద బొట్టు కేసే చూస్తున్నారు. ఏమైనా దోషం జరిగిందేంటండి?"

"ఏ బొట్టండీ?"

"ఎవరో ఒక్క చుక్క పెట్టి వదిలేస్తే బోసిగా ఉందని తుడిచేసి, చుట్టూ సమంగా మూడు పెట్టానండి."

హ్యాండిలు మెల్లగా తిప్పాను. ఒక బొట్టు వెళ్లింది, ఇంకొకటి వచ్చింది. అదీ వెళ్లింది, మరొకటి వచ్చింది. మూడూ ముచ్చటగా ఉన్నాయి. ఒక్కటీ గాటు మీద లేదు.

కొత్తల్లుడు ఏమనగలడు? దోషమేం లేదండి అత్తయ్యగారూ అన్నాను. కిరసనాయిలు గుడ్డతో మూడూ తుడిచి, గోటితో గాటు వెతుక్కుని, ముల్లుకు తెచ్చి, తీగలు యథాప్రకారం పెట్టి బిగించాను. చెరిపిన బొట్టు అశుభమని అత్తగారు ఈలోగా బానెట్టు మీద కొత్తది పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. తాళం తిప్పగానే ఇంజను హాయిగా అందుకుంది.

ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే, నిజం చెబుతున్నాను, కాలిన మీసం సంగతే మరిచిపోయాను. మామగారు తుక్కువాణ్ణి వెనక్కి పంపేసి, కుర్చీల వైపు తిరిగారు.

"అల్లుడు గారు పొద్దుట్నించీ కుస్తీ పడ్డారండి. ఆవిడ ఒక్క బొట్టు పెట్టిందో లేదో, కారు లేచి కూర్చుంది."

అందరూ అవునన్నారు. డీజిలు రైతు మరీ గట్టిగా అన్నాడు. న్యాయం కోసం మా ఆవిడ వైపు చూశాను.

"నిజమే కదండీ" అంది.

అందుకే అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. కంఠంలో ప్రాణం ఉండగా ఏ యంత్రం మీదా కుంకుమతో గుర్తు పెట్టను. పెయింటు డబ్బా కొనుక్కున్నాను కూడా. దాన్ని వాడే యోగం ఇంకా పట్టలేదు. మొన్న, ఆ తర్వాత కొన్న కొత్త ట్రాక్టరు మొరాయిస్తే మామగారు నాకు ఫోను చేసి, దాని దగ్గరకు రావద్దని, అత్తగారు ఇంట్లోనే ఉన్నారని చెప్పారు.