బక్క దయ్యం చెప్పిన అబద్ధం

బోధన్‌లో మా ఇంటికి నాలుగు గల్లీల అవతల ఒక బేకరీ ఉండేది. దాని మీది అంతస్తులో కేబుల్ టీవీ ఆఫీసు. రెండింటికీ యజమాని ఒకడే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అతను పెద్ద ఓవెన్ ఒకటి కొన్నాడు. దానికి ప్రచారంగా ఆదివారం మధ్యాహ్నం తన ఛానెల్లో అరగంట వంటల కార్యక్రమం పెట్టాలనుకున్నాడు. నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లల కోసం మా అక్క ఆడించిన బొమ్మలాట చూశాడేమో, నేరుగా మా ఇంటికే వచ్చాడు.

అక్క అప్పుడు గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది: "దయ్యాలు కేకులు జేస్తే ఎట్లుంటది సేటూ?"

అతను చాలాసేపు నవ్వి, అదే ఖాయం చేశాడు.

అన్న చనిపోయి అప్పటికి ఏడాదిన్నర. అక్కకు దయ్యాలే ఎందుకు తోచాయో నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

అన్న చెరుకు బండి మీద పోయాడు. కొట్టిన చెరుకు ట్రాక్టర్‌కెత్తి ఫ్యాక్టరీకి తోలుకుపోతుంటే కాలువ కట్ట మీద ట్రాక్టర్ తిరగబడింది. ఆ పొద్దున ఇంట్లో కూర దగ్గర మాటామాటా పెరిగింది. మళ్లీ గోకరకాయేనా అని కంచం పక్కకు నెట్టాడు. "తింటే తిను, లేకుంటే లేదు" అంది అవ్వ, అంటే మా అమ్మ. రోజూ ఎవరో ఒకరితో అనే మాటే అది. అతను తినకుండా లేచి వెళ్లాడు. మూడో రోజు అతని పేరున అన్నం వండి పిట్టకు పెడితే కాకి ముట్టలేదు. చెల్లెకు చీర పెడతామని, తమ్మున్ని చూసుకుంటామని అతని పేరు మీద ఎన్నో మాటలిచ్చాం. ఎండ నెత్తికెక్కేదాకా చూసి, చివరికి ఆ అన్నం ఆవుకు పెట్టి వచ్చాం. బూడిద కందకుర్తి దగ్గర గోదావరిలో కలిపాం.

ఆ రోజు నుంచి అవ్వ సరిగ్గా తినలేదు. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేది. ఎందుకే అంటే, "వాడు ఆకలితోటి తిరుగుతుండు" అనేది. నిజామాబాద్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించాం. బలానికి సూదులు రాశాడు. వేయించాం. మనిషి చీర కట్టిన కర్రలా అయింది.

కార్యక్రమం పేరు 'దయ్యాల బట్టీ'. బొమ్మలు అక్క మైదా సంచులతో కుట్టింది. కుట్టేటప్పుడు సూదిలో దారం ఎక్కించింది అవ్వే. అక్కది ముసలి దయ్యం, నాది బక్క దయ్యం. బల్లకు అడ్డంగా నల్లగుడ్డ కట్టి, ఇద్దరం దాని వెనక కింద కూర్చుని చేతులు పైకెత్తి ఆడించేవాళ్లం.

"ఓవెన్ ఎంత కాలాలెనే?" అని అడిగేది నా దయ్యం.

"నిన్ను కాలవెట్టినప్పుడు ఎంత కాలిందో గంత."

"నేను సగమే కాలిన. వాన వడ్డది."

"అందుకేరా, నీ కేకు ఎప్పుడు జూసినా నడుమ పచ్చిగుంటది."

దయ్యాలు చేసిన కేకు దయ్యాలు తినబోతే నోట్లోంచి సంచిలోకి, సంచిలోంచి మా నెత్తిన పడేది. జనానికి బాగా నచ్చింది అదే. ఆదివారం సాయంత్రం అక్క తల కడుక్కుంటే మూడు నీళ్లకు గాని క్రీమ్ జిడ్డు పోయేది కాదు.

చివరి అయిదు నిమిషాలు ఫోన్లు. కేకు పొంగడం లేదని, గుడ్డు లేకుండా చేయొచ్చా అని అడిగేవాళ్లు. దయ్యాలు వాళ్లను తిట్టి జవాబు చెప్పేవి. శ్రావణంలో ఒక ఆదివారం యజమాని ఫోనెత్తి స్పీకర్ నొక్కాడు.

"దయ్యాల బట్టీనా?"

అవ్వ గొంతు. పక్కింటి ఫోను నుంచి చేసినట్టుంది. వెనక టీవీలో మా కార్యక్రమమే వినిపిస్తోంది.

అక్క అందరినీ పిలిచినట్టే పిలిచింది. "అవునే ముసల్దానా, నీకు గూడ ఓ కేకు గావాల్నా?"

"నాకెందుకే. మీకు ఆకలైతదా అని అడుగుతున్న."

బల్ల కింద అక్క నా ముఖం చూసింది. పైన దయ్యం గొంతు మాత్రం తప్పలేదు. "మాకు కడుపే లేదు గదనే. ఇంక ఆకలేడికెల్లి అయితది?"

"మా పెద్దోడు ముందటేడు తినకుంట వోయిండు. మీ దిక్కు వచ్చిండా?"

యజమాని కెమెరా పక్కన నోరు మూసుకుని నవ్వుతూ, కానియ్యండని చెయ్యి ఊపుతున్నాడు. ఎవరి ఫోనో అతనికి తెలియదు. అక్క చెయ్యి కిందికి జారిపోయింది. బల్ల మీద నా బొమ్మ ఒక్కటే మిగిలింది.

"వచ్చిండవ్వా" అన్నాను.

"తిన్నడా?"

"తిన్నడు. కడుపు నిండ తిన్నడు."

"ఎవలు వెట్టిండ్రు?"

"మేమే వెట్టినం. రోజు వెడుతున్నం."

"మంచిది" అని ఫోను పెట్టేసింది.

మేం ఇంటికి వెళ్లేసరికి అవ్వ తిని కూర్చుంది. "మీరు ఆలిశం జేసిండ్రు, నేను తిన్న" అంది. గిన్నె చూస్తే నిజంగానే తిన్నది. ఫోను సంగతి ఆమె ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

దయ్యాల వెనక ఉన్నది మేమని తెలియక అవ్వ అడిగిందని కాదు. మా గల్లీలో శిగమూగే ఒకామె ఉండేది. మోరీ కాలువ నీళ్ల దగ్గర ఆమెతో అవ్వకు రోజూ లొల్లే. అదే ఆమెకు మంగళవారం అమ్మవారు పూనితే, అవ్వ వెళ్లి కాళ్లకు మొక్కి, అడగాల్సింది అడిగి వచ్చేది. మళ్లీ బుధవారం పొద్దున మోరీ దగ్గర తిట్టేది. మనిషి ఎవరన్నది వేరు, పలికింది ఎవరన్నది వేరు. బల్ల కింద ఉన్నది నేనని ఆమెకు తెలుసు. అయినా ఆమె అడిగింది నన్ను కాదు.

యజమాని ఆ ఫోను ముక్కను వారమంతా పాటల మధ్య వేశాడు. చాయ్ హోటల్లో ఒకడు "తిన్నడా?" అంటే ఇంకొకడు "కడుపు నిండ తిన్నడు" అని నవ్వేవాడు. ఆపమని అడగడానికి వెళ్లాను.

"ఎందుకు సారూ? జనం వడి వడి నవ్వుతుండ్రు. గా ముసల్ది ఎవలో గని, దొరికితే మల్ల మాట్లాడిపిద్దాం."

ఆమె మా అవ్వ అని నోటిదాకా వచ్చింది. చెప్తే పాపం అంటాడు, నలుగురికి చెప్తాడు, నలుగురూ వచ్చి అవ్వను ఓదారుస్తారు. అప్పుడు బక్క దయ్యం మాట అబద్ధమవుతుంది. అవ్వ అన్నం తింటోంది. నేను చాయ్ తాగి వచ్చేశాను.

చనిపోయినవాళ్లకు పెట్టే పెత్తరమాస వచ్చింది. అవ్వ పొద్దున్నే లేచి గారెలు చేసింది. ముఖంలో కొంచెం కండ పట్టింది అప్పటికి. పెద్దలకు విస్తళ్లు వేసింది. తాతకొకటి, నాయనమ్మకొకటి, బాపుకొకటి.

"అన్నదేదే?" అంది అక్క.

"వానికెందుకే. గక్కడ రోజు వెడుతుండ్రు గదా."

అక్క లోపలికి వచ్చింది. వెనకే నేనూ వెళ్లాను. ఆమె చేతిలో ఇంకో విస్తరాకు ఉంది.

"అన్న ఇస్తారాకు గుంజేసినవ్ గదరా తమ్మీ" అంది మెల్లగా. "ఇప్పుడేం జేద్దాం?"

నేను ఇలాంటివి నమ్మను. చదివిన పుస్తకాలన్నీ ఒకవైపే చెప్పాయి. అయినా అక్క చేతిలో ఆకును చూస్తూ నిలబడిపోయాను. అది వేస్తే మేం చెప్పింది అబద్ధమని అవ్వ ముందు ఒప్పుకున్నట్టు. వేయకపోతే ఆ ఏడు అన్నకు ఎవరూ పెట్టనట్టు. చాటుగా పెడదామా అన్నాను. దొంగతనంగా పెట్టింది చేరుతుందా అంది అక్క.

"ఏం గుసగుసలే లోపట? రాండ్రి, సల్లారుతున్నయి" అని అవ్వ కేకేసింది.

అక్క ఆకును కట్టలో పెట్టేసింది. వెళ్లి కూర్చున్నాం. అవ్వ మా ఇద్దరికీ వడ్డించి, తనూ వడ్డించుకుని, మాకంటే ముందు తినడం మొదలుపెట్టింది.