షాబాన్ అన్నవాడికి ఇంకో ముక్క

మా పక్కింటి అమ్మాయి హైదరాబాద్‌లో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్ల, చిన్నప్పుడే అరబ్బీ చదవడం నేర్చుకుంది. తిండికి బానిసైనవాళ్లను గుర్తించే ప్రశ్నావళి ఒకటి ఇంగ్లీషులో ఉందట. దాన్ని అరబ్బీ మాట్లాడేవాళ్ల కోసం మార్చే పనిలో ఆమెకూ కొంత భాగం దొరికింది. నేను ఒకప్పుడు కువైట్‌లో వంటవాణ్నని జనగామంతా చాటుకున్నవాణ్ని కాబట్టి కాగితాలు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

నా భార్య పోయి ఏడాది దాటింది. నా కుడికాలి బొటనవేలి మీద పుండు మానడం లేదు. షుగర్ తగ్గకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టర్ చెప్పాడు. వేరే ఎవరి వేలి గురించో విన్నట్టు విన్నాను. ఇంటికొచ్చి రస్కుల పొట్లం విప్పాను.

"తాతా, నీకు అరబ్బీ మంచిగొస్తదా?"

"వస్తదా ఏంది బిడ్డా! షేకు ఇంట్ల పెద్ద వంటోన్ని. ఒంటె మాంసం వండితే షేకు నా చెయ్యి ముద్దు వెట్టుకున్నడు."

'కడుపు నిండినా తింటూనే ఉంటారా?' అన్న ప్రశ్నను ఆమె అరబ్బీలో చదివి, తెలుగులో చెప్పింది.

"గిది పనికిరాదు" అన్నాను. "ఆడ చుట్టం షాబాన్ అంటడు, కడుపు నిండిందని. ఇంటాయన ఇనడు, ఇంకో ముక్క ఏస్తడు. తినకుంటే మర్యాద గాదు. మన లింగాల ఘనపూర్ పెండ్లి బంతిల చాలు చాలనుకుంటనే, విస్తరి మీద అడ్డం పెట్టిన ఏళ్ల సందులకెళ్లి పులుసు పోయించుకోరా? గట్లనే. అడిగితే అందరు అవుననే అంటరు."

అమ్మాయికి నవ్వు ఆగలేదు. "షాబాన్ అంటే రంజాన్‌కు ముందొచ్చే నెల తాతా! కడుపు నిండితే షబ్‌ఆన్. చుట్టం నెల పేరు చెప్తే ఇంటాయన ముక్క ఎయ్యక ఏం జేస్తడు?"

దొరికిపోయాను.

"షేకు లేడు, ఒంటె లేదు బిడ్డా. కూలీల క్యాంపుల ఉల్లిగడ్డలు కోసిన. మేనేజర్ ఇంట్ల దావత్ అయితే పళ్లెం పట్టుకొని నిలవడేటోన్ని. ఆ మాట ఆడ ఇన్నదే."

"మరి ముక్క ఏసుడన్న నిజమేనా?"

"అది మాత్రం నిజం."

ఆమె కాగితం మీద ఆ ప్రశ్న కింద గీత గీసింది. "'ఎవలు బలిమి చెయ్యకున్నా' అనే మాట ప్రశ్నల కలుపుదమా అని మా మేడాన్ని అడుగుత. ముందు నిన్నే అడిగి చూస్త. ఎవలు బలిమి చెయ్యకున్నా, కడుపు నిండినంక గూడ తింటవా తాతా?"

ఏదో చమత్కారం చెప్పబోయి రస్కుల పొట్లం వైపు చూశాను. ఇంకింత ఏసుకోమని బలవంతపెట్టే మనిషి మా ఇంట్లో ఉండేది. అప్పుడు విసుక్కుంటూ లేచిపోయేవాణ్ని. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు, పొట్లం ఖాళీ అయ్యేదాకా లేవడం లేదు.

"తింట" అన్నాను. "ఆకలై గాదు. రుచి గూడ తెలుస్తలేదు. చెయ్యి పోతది, నోట్లెకొస్తది."

ఆమె రాసుకోలేదు. నా కాలి వైపు చూసింది. "కట్టు ఎప్పుడు మార్పించినవ్?"

"యాదికి లేదు."

కాగితాలు సంచిలో పెట్టేసింది. "లే, దవాఖానకు పోదాం. గీ తిండి ముచ్చట డాక్టర్‌కు నువ్వే చెప్పాలె. షేకు లేకుంట చెప్పు."

"రేపు పోదాం తియ్యి."

"ఇయ్యాల్నే."

మధ్యాహ్నపు ఎండలో సందు చివరిదాకా నడిచి, ఆటో కోసం ఆగాను. అమ్మాయి వెనక నుంచి నా కుడికాలి చెప్పు పట్టుకొని వచ్చింది. అది ఎక్కడ జారిపోయిందో, నేల ఎంత కాలుతోందో నా కాలికి తెలియలేదు.